లెవెల్ పెరిగినా యోధుడు బలపడడేం? ఆర్‌పీజీల్లో స్కిల్ శిక్షణ వెనకున్న లెక్క

ఫాంటసీ ఆర్‌పీజీలు (ఒక పాత్రను తీసుకుని దాన్ని పెంచుకుంటూ ఆడే గేములు) ఆడేవాళ్ళ దగ్గర పదే పదే వినపడే గోడు ఒకటుంది. "రాత్రుళ్ళు కూర్చుని లెవెల్ 20కి తెచ్చాను, మొదట్లో రెండు దెబ్బలకే పడిపోయిన దొంగ ఇప్పుడు నన్నే చంపుతున్నాడు." దీనికి మామూలుగా వచ్చే సలహా, ఇంకా గ్రైండ్ చెయ్యమని, అంటే చేసిందే మళ్ళీ మళ్ళీ చేసి పాయింట్లు పోగెయ్యమని. చాలాసార్లు ఆ సలహా పనిచెయ్యదు, కొన్ని ఆటల్లోనైతే ఉన్న పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. లెవెల్ పెరగడం వేరు, యోధుడు బలపడడం వేరు. ఈ రెంటినీ ఒక్కో ఆట ఒక్కో రకంగా ముడిపెడుతుంది, ఆ ముడి ఎక్కడుందో తెలియకుండా ఒక ఆటలో నేర్చుకున్నది ఇంకో ఆటలో వాడబోతే దెబ్బ తగులుతుంది. 2023లో బాల్డర్స్ గేట్ 3, 2025 ఏప్రిల్‌లో ఆబ్లివియన్ రీమాస్టర్డ్ వచ్చాక ఏళ్ళనాటి పద్ధతులు కొత్తవాళ్ళ ముందుకు మళ్ళీ వచ్చాయి, వాటితోపాటే ఈ గందరగోళమూ వచ్చింది.

## ముందు నాలుగు మాటల అర్థం

ఎక్స్‌పీ అంటే అనుభవ పాయింట్లు. శత్రువును చంపితే, క్వెస్ట్ పూర్తి చేస్తే వస్తాయి, ఒక హద్దు దాటితే లెవెల్ పెరుగుతుంది. స్టాట్ అంటే ఆ పాత్ర ఒంటి తీరు, అంటే బలం, చురుకుదనం, ఓర్పు లాంటివి. స్కిల్ అంటే నేర్చుకున్న విద్య. ఒంటిచేతి కత్తి, రెండుచేతుల గొడ్డలి, డాలు అడ్డుపెట్టడం, బరువైన కవచంలో తిరగడం, ఇవన్నీ స్కిల్స్. పెర్క్ లేదా ఫీట్ చాలావరకు అంకె కాదు, అప్పటిదాకా చేతకాని పనిని చేతనయ్యేలా చేసేది, ఉదాహరణకు డాలుతో పరుగెత్తుకెళ్ళి ఎదుటివాణ్ణి పడగొట్టడం.

వీటన్నిట్లో లెవెల్ ఒక్కటే తెర మీద పెద్దగా మెరుస్తుంది కాబట్టి కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి. కానీ లెవెల్‌తో వచ్చిన పాయింటు ఎక్కడ పెట్టారు, చేతిలో ఏ ఆయుధం ఉంది, మీ లెవెల్ చూసి ఆట శత్రువుల్ని ఎంత పెంచింది, ఫలితం తేలేది ఇక్కడే.

## చంపితే పెరగాలా, వాడితే పెరగాలా

ఈ వ్యవహారమంతా 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైంది. అందులో యోధుడి పేరు ఫైటింగ్ మ్యాన్. అతనితోపాటు మ్యాజిక్ యూజర్, క్లరిక్, అంతే, మొదట వచ్చిన ఆట పెట్టెలో ఉన్న క్లాసులు, అంటే పాత్ర రకాలు, మూడే. ఆ కాలంలో ఎక్స్‌పీ రాక్షసుల్ని చంపితేనే కాదు, నిధి బయటికి తెస్తే కూడా వచ్చేది, ఒక బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ. నాణేలతో పోలిస్తే చంపినందుకు వచ్చేది తక్కువ. అందుకని తెలివైన యోధుడు కనపడిన ప్రతివాడి మీదా కత్తి దూసేవాడు కాదు, పోరాటం లేకుండా నిధి దొరికితే అదే లాభం. తర్వాతి ఎడిషన్లలో నాణేల లెక్క పక్కకు పోయి, చంపడం, లక్ష్యాలు సాధించడం ముందుకొచ్చాయి, ఆటగాళ్ళ ప్రవర్తన కూడా అలాగే మారింది. ఆట దేనికి పాయింట్లు ఇస్తే ఆటగాడు ఆ పనే చేస్తాడన్నది ఈ రంగం మొత్తానికీ వర్తిస్తుంది, ముందు ముందు మళ్ళీ మళ్ళీ తగులుతుంది.

ఈ పద్ధతిలో ఒక వింత ఉంది. గోబ్లిన్లన్నిట్నీ విల్లుతో చంపి లెవెల్ పెరిగినా కత్తి కూడా బాగా తిప్పడం వచ్చేస్తుంది. ఇది నచ్చనివాళ్ళకు 1978లో కేయోసియమ్ సంస్థ నుంచి వచ్చిన రూన్‌క్వెస్ట్ ఇంకో దారి చూపింది. అందులో క్లాసులూ లేవు, లెవెళ్ళూ లేవు, ప్రతి విద్యకూ నూటికి ఇంత అని ఒక అంకె. సాహసంలో కత్తిని విజయవంతంగా వాడితే దాని పక్కన గుర్తు పెట్టుకుంటారు, తర్వాత నూరు ముఖాల లెక్కన పాచికలు వేస్తారు, ఇప్పుడున్న అంకె కంటే ఎక్కువ పడితేనే విద్య పెరుగుతుంది. 30 దగ్గరున్నవాడికి పెరిగే అవకాశం నూటికి 70, 90 దగ్గరున్నవాడికి నూటికి 10. కొత్తవాడు చకచకా నేర్చుకుంటాడు, ఆరితేరినవాడికి ఇంకాస్త నేర్చుకోవడం గగనమవుతుంది, ఇదంతా ఒక్క పాచిక వేయడంలోనే ఇమిడిపోయింది. ఇంత సొగసైన నియమం ఈ రంగంలో మళ్ళీ తక్కువే వచ్చిందని నా అభిప్రాయం.

## వాడితే పెరిగే పద్ధతిలో మెలిక

ఎదురుగా కూర్చుని ఆడే ఆటలో "ఊరికే గోడను కొట్టి గుర్తు పెట్టుకుంటానంటే కుదరదు" అని చెప్పడానికి ఆట నడిపించే గేమ్ మాస్టర్ ఉంటాడు. కంప్యూటర్‌కు ఆ విచక్షణ ఉండదు. 1988లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 2లో పోరులో దెబ్బలు తింటే ప్రాణం, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడన్న అంకె, పెరుగుతుందని నియమం పెట్టారు, వెంటనే ఆటగాళ్ళు తమ జట్టువాళ్ళను తామే బాదుకోవడం మొదలుపెట్టారు. 2011 నాటి స్కైరిమ్‌లో కమ్మరి పని స్కిల్ మొదట్లో వస్తువు ఏదైనా దాదాపు ఒకేలా పెరిగేది, దాంతో ఎక్కడ చూసినా వందలకొద్దీ ఇనుప బాకులు. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో వస్తువు విలువను బట్టి స్కిల్ పెరిగేలా మార్చారు.

స్కైరిమ్ లెక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొదట్లో చెప్పిన "లెవెల్ 20 గోడు"కు సగం జవాబు అక్కడే ఉంది. అందులో శత్రువును చంపినందుకు నేరుగా లెవెల్ రాదు. ఏదైనా స్కిల్ ఒక మెట్టు ఎక్కితే, ఎక్కిన మెట్టు అంకె ఎంతో అన్ని పాయింట్లు లెవెల్ ఖాతాలో పడతాయి. తర్వాతి లెవెల్‌కు కావలసినది, ఇప్పటి లెవెల్‌ను 25తో గుణించి 75 కలిపితే వస్తుంది. అంటే లెవెల్ 20 నుంచి 21కి 575 కావాలి. కత్తి స్కిల్ 90 దాటిన యోధుడికి 91, 92, 93 అంటూ ఏడు మెట్లలో ఆ మొత్తం వచ్చేస్తుంది. అదే 20ల్లో ఉన్న నాలుగైదు స్కిల్స్‌ను కాస్త కాస్త పెంచుకుంటూ వెళ్ళినవాడు ఇరవైకి పైగా మెట్లు ఎక్కాలి, ఎక్కాక కూడా అతనికి దక్కేది అదే ఒక పెర్క్, అదే ఒక పది పాయింట్లు ప్రాణానికో, శక్తికో, మంత్రబలానికో. తాళాలు తియ్యడం, బేరమాడడం, మందులు కలపడంతో లెవెల్ 20కి చేరినవాడి ఎదుటికి వచ్చే దొంగలు మాత్రం లెవెల్ 20కి తగ్గవాళ్ళే. వాళ్ళతో తలపడాల్సింది ఇంకా పాతిక దగ్గరే ఆగిపోయిన కత్తి స్కిల్.

## ఆబ్లివియన్: పరుగెత్తినందుకు బలహీనపడిన యోధుడు

2006లో వచ్చిన అసలు ఆబ్లివియన్‌లో ఇదే జబ్బు బాగా ముదిరి కనిపిస్తుంది. మొత్తం 21 స్కిల్స్‌లో ఏడింటిని ముఖ్యమైనవిగా ఎంచుకుంటాం. ఆ ఏడింట్లో కలిపి పది మెట్లు ఎక్కితే లెవెల్ పెరుగుతుంది. అప్పుడు మూడు స్టాట్లు పెంచుకోవచ్చు, ఒక్కోటి ఎంత పెరుగుతుందన్నది ఆ లెవెల్‌లో దానికి సంబంధించిన స్కిల్స్ ఎన్ని మెట్లు ఎక్కాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్క మెట్టూ లేకపోతే 1, ఒకటి నుంచి నాలుగైతే 2, అయిదు నుంచి ఏడైతే 3, ఎనిమిది తొమ్మిదైతే 4, పది దాటితే 5.

ఇద్దరు యోధుల్ని తీసుకుందాం. మొదటివాడు పరుగు స్కిల్‌ను కూడా ముఖ్యమైనవాటిలో పెట్టుకుని తోచినట్టు ఆడాడు. ఒక లెవెల్‌లో పరుగు మూడు మెట్లు, ఆయుధాల మరమ్మతు మూడు, డాలు రెండు, కత్తి రెండు పెరిగాయి. పది మెట్లు అయ్యాయి కాబట్టి లెవెల్ వచ్చింది. బలం 2 పెరిగింది, ఎందుకంటే దానికి చెందిన కత్తి రెండు మెట్లే ఎక్కింది. మరమ్మతు, డాలు కలిపి అయిదు మెట్లు కాబట్టి ఓర్పు 3, పరుగు మూడు మెట్లకు వేగం 2. రెండోవాడు లెవెల్ రాకముందే కత్తి, గద లాంటి బలం స్కిల్స్‌లో పది, డాలు, బరువైన కవచం లాంటి ఓర్పు స్కిల్స్‌లో పది మెట్లు పూర్తయ్యేలా చూసుకున్నాడు, ముఖ్యం కాని స్కిల్స్ పెరిగితే లెవెల్ ముందుకు జరగదు కాబట్టి ఇది సాధ్యమే. అతనికి బలం 5, ఓర్పు 5. ఇలా పది లెవెళ్ళు గడిస్తే మొదటివాడి బలం 20 పెరుగుతుంది, రెండోవాడిది 50. ప్రతి లెవెల్‌కూ వచ్చే ప్రాణం అప్పటి ఓర్పులో పదోవంతు, తర్వాత ఓర్పు పెంచుకున్నా పాత లెవెళ్ళ బాకీ తిరిగి రాదు.

తెర మీద ఇద్దరి లెవెలూ ఒకటే, ఎదురయ్యే శత్రువులూ ఒకటే. ఆ ఆటలో లెవెల్ బాగా పెరిగాక దారి దొంగలు కూడా గాజు కవచం, డేడ్రిక్ కవచం లాంటి ఖరీదైనవి తొడుక్కుని తిరుగుతుంటారు. అందుకే అప్పట్లో కొందరు తాము అస్సలు వాడని స్కిల్స్‌ను ముఖ్యమైనవిగా ఎంచుకునేవాళ్ళు, అలా చేస్తే లెవెల్ ఎప్పుడు రావాలన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది. యోధుడు కత్తిని ముఖ్య విద్యగా పెట్టుకోకుండా ఉంటే లాభం వచ్చే ఆట ఇది, రూపకర్తలు ఇలా అనుకుని ఉండరు.

దీన్ని సమర్థించేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలోనూ పస ఉంది. శత్రువులు మనతోపాటు పెరిగితేనే మ్యాప్‌లో ఏ మూలకైనా ఎప్పుడైనా వెళ్ళొచ్చు, లేకపోతే సగం ప్రపంచం ముందు చావుగుంట, తర్వాత పిల్లలాట అయిపోతుంది. 2025 రీమాస్టర్డ్‌లో మధ్యేమార్గం పట్టారు. ఇప్పుడు అన్ని స్కిల్సూ లెవెల్‌కు లెక్కకొస్తాయి, ప్రతి లెవెల్‌కూ 12 పాయింట్లు ఇస్తారు, వాటిని మూడు స్టాట్ల దాకా ఇష్టమొచ్చినట్టు పంచుకోవచ్చు, ఒక్కోదానికి గరిష్ఠం 5. ఏ స్కిల్ ఎన్ని మెట్లు ఎక్కిందో కాగితం మీద రాసుకోవాల్సిన టెన్షన్ పోయింది.

## గురువు దగ్గర నేర్చుకోవడం

మూడో దారి డబ్బిచ్చి నేర్చుకోవడం. ఇదీ పాతదే. 1979 నాటి అడ్వాన్స్‌డ్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో ఎక్స్‌పీ నిండినంత మాత్రాన లెవెల్ రాదు, వారాలపాటు శిక్షణ తీసుకోవాలి, దానికి వారానికి అప్పటి లెవెల్‌ను 1500తో గుణించినంత బంగారం పొయ్యాలి. సంపాదించిన నిధికి ఖర్చు చూపించడానికి అది మంచి ఉపాయమే గానీ, చేతిలో డబ్బు లేని యోధుడు అక్కడే ఇరుక్కుపోయేవాడు.

శిక్షణ అంటే ఏంటో కళ్ళకు కట్టినట్టు చూపించింది మాత్రం 2001 నాటి జర్మన్ గేమ్ గోథిక్. లెవెల్ పెరిగితే పది లెర్నింగ్ పాయింట్లు వస్తాయి, వాటిని పట్టుకుని నేర్పేవాడి దగ్గరికి వెళ్ళాలి. శిక్షణ లేని నాయకుడు ఒంటిచేతి కత్తిని కూడా రెండు చేతులతో పట్టుకుని కట్టెలు కొట్టినట్టు ఊపుతాడు. నేర్చుకున్నాక ఒక చెయ్యి కత్తిని వదిలేస్తుంది, నిలబడే తీరు మారుతుంది, దెబ్బ మీద దెబ్బ ఆగకుండా పడుతుంది. ఏ మెనూ తెరవకుండానే ఎదుటివాడు కత్తి పట్టుకున్న తీరు చూసి, వీడితో ఇప్పుడే పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకోవచ్చు.

స్కైరిమ్‌లో గురువులకు హద్దులున్నాయి. ఒక్కో లెవెల్‌కు అయిదుసార్లే నేర్చుకోవచ్చు, గురువు స్థాయిని బట్టి స్కిల్ 50, 75, లేదా 90 దాకానే నేర్పుతాడు. డబ్బుతో నేరుగా నూరుకు చేరకుండా వేసిన కట్టడి ఇది. అయినా సందు దొరికింది, విల్లు నేర్పే ఫేండల్‌ను వెంట తిప్పుకుంటూ విలువిద్య నేర్చుకుని, ఇచ్చిన డబ్బును అతని మూటలోంచే వెనక్కి తీసుకోవచ్చు.

## దెబ్బ లెక్క: ఒక లెవెల్ విలువ ఇంకో లెవెల్‌తో సమానం కాదు

యోధుడి బలాన్ని విప్పి చూస్తే నాలుగు ముక్కలు. దెబ్బ తగిలే అవకాశం, తగిలితే ఎంత డ్యామేజ్, ఒక రౌండులో ఎన్ని దెబ్బలు, ఎంతసేపు నిలబడగలడు. వీటిని కూడడం కాదు, ఒకదానితో ఒకటి గుణించాలి. అందుకే ఒక చోట చిన్న మార్పు ఇంకో చోట పెద్ద తేడాగా బయటపడుతుంది.

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల ప్రకారం చూద్దాం. మొదటి లెవెల్ ఫైటర్, బలం 16, అంటే +3, శిక్షణ బోనస్ +2, మొత్తం +5. ఎదుటివాడి రక్షణ అంకె 15. ఇరవై ముఖాల పాచిక మీద 10 గానీ ఆపైన గానీ పడాలి, అంటే నూటికి 55. రెండుచేతుల పెద్ద కత్తి సగటున 7, బలం 3 కలిపితే 10. నేరుగా 20 పడితే వచ్చే అదనాన్ని పక్కన పెడితే ఒక రౌండుకు సగటు 5.5. నాలుగో లెవెల్‌లో బలం 18 చేశాడు, తగిలే అవకాశం 60, డ్యామేజ్ 11, సగటు 6.6. అయిదో లెవెల్‌లో శిక్షణ బోనస్ +3 అవుతుంది, దాంతోపాటు రౌండుకు రెండో దెబ్బ వస్తుంది, 65 శాతం చొప్పున 11, రెండుసార్లు, మొత్తం 14.3. మూడు లెవెళ్ళు దాటినా 1.1 మాత్రమే పెరిగినవాడు తర్వాతి ఒక్క లెవెల్‌తో రెట్టింపు దాటిపోయాడు. ఇదే నియమాల మీద నడిచే బాల్డర్స్ గేట్ 3లో నాలుగు ఫైటర్ లెవెళ్ళ తర్వాత సరదాగా ఒక లెవెల్ వేరే క్లాసులో పెట్టినవాడికి అయిదో లెవెల్‌లో ఆ రెండో దెబ్బ రాదు. తెర మీద లెవెల్ 5 అనే ఉంటుంది.

డాలు సంగతీ ఇలాంటిదే. చెయిన్ మెయిల్‌తో రక్షణ 16, డాలు పడితే 18. +5తో కొట్టే శత్రువు దెబ్బ తగిలే అవకాశం 50 నుంచి 40కి దిగుతుంది, అంటే తినే దెబ్బల్లో అయిదో వంతు తగ్గింది. బదులుగా పెద్ద కత్తి వదిలి ఒంటిచేతి కత్తికి రావాలి, సగటు 5.5 కాస్తా 4.1 అవుతుంది, నాలుగో వంతు పోయింది. నష్టం కాస్త ఎక్కువలా ఉన్నా, శత్రువులంతా ఈ ఒక్కడి మీదే పడుతుంటే, వెనక జట్టువాళ్ళు దెబ్బలు కొడుతుంటే డాలే నయం. ఒంటరిగా తిరిగేవాడి లెక్క వేరు.

గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ మీద జరిగే వాదనలు కూడా ఈ గుణకారంలోనే తేలతాయి. గురి 5 తగ్గించుకుంటే డ్యామేజ్ 10 పెరుగుతుంది. పైన చెప్పిన మొదటి లెవెల్ అంకెలతోనే, రక్షణ 12 ఉన్నవాడి మీద మామూలుగా 7 వస్తే ఈ బేరంతో 9. రక్షణ 15 మీద 5.5కి బదులు 6, పెద్ద తేడా లేదు. రక్షణ 18 మీద మాత్రం 4 కాస్తా 3కి పడిపోతుంది. కాబట్టి "అది అద్భుతం" అనేవాడూ, "అది దండగ" అనేవాడూ ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, వాళ్ళు కొట్టిన శత్రువులు వేరు. 2024 నియమాల్లో ఈ బేరాన్ని తీసేశారు.

## పాయింట్లు పెట్టినా ఫలితం రాని చోటు

ఎల్డెన్ రింగ్‌లో వైగర్ అంటే ప్రాణాన్ని పెంచే స్టాట్. అది 40 దగ్గరుంటే ప్రాణం 1450, 60 దగ్గర 1900, 99 దగ్గర 2100. 40 నుంచి 60కి పెట్టిన 20 పాయింట్లకు 450 వస్తే, ఆ తర్వాతి 39 పాయింట్లకు వచ్చేది 200. దీన్నే సాఫ్ట్ క్యాప్ అంటారు, పెంచడానికి తలుపు మూసెయ్యరు, పెంచినా లాభం సన్నగిల్లిపోతుంది. స్కైరిమ్‌లో కవచానిది గట్టి హద్దు. నాలుగు భాగాలూ తొడిగినవాడి కవచం అంకె 567కి చేరితే డ్యామేజ్ 80 శాతం తగ్గుతుంది, ఆపైన ఎంత మెరుగుపెట్టినా ఒక్క శాతం కూడా కదలదు.

ఎల్డెన్ రింగ్‌లో ఇంకోటి, ఆయుధాన్ని రెండు చేతులతో పడితే బలం ఒకటిన్నర రెట్లుగా లెక్కకొస్తుంది. 30 బలం అడిగే కత్తిని 20 బలం ఉన్నవాడు అలా వాడేయొచ్చు, మిగిలిన పది పాయింట్లు వైగర్‌కు మళ్ళించుకోవచ్చు. పైగా ఆట మొదటి భాగంలో ఆయుధాన్ని రాళ్ళతో మెరుగుపరచడం వల్ల వచ్చే తేడా ముందు నాలుగైదు లెవెళ్ళ బలం చిన్నదే.

రూన్‌స్కేప్‌లో ఈ సన్నగిల్లడం ఎక్స్‌పీలోనే ఉంది. లెవెల్ 99కి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి, 92కి 65,17,253, అంటే 92కి చేరినవాడు సగం దూరంలోనే ఉన్నాడు. ఆ ఆటలో కొట్టే తీరును బట్టి అటాక్, స్ట్రెంత్, డిఫెన్స్ వేటికవే పెరుగుతాయి. ఆటగాళ్ళ మధ్య పోరు మీద మోజున్న కొందరు డిఫెన్స్‌ను కావాలనే 1 దగ్గర వదిలేస్తారు, మొత్తం పోరాట లెవెల్ తక్కువగా కనపడి, తమకంటే తక్కువ దెబ్బ కొట్టేవాళ్ళు ఎదురుపడతారని.

## లెవెల్ ఎవరిది, చెయ్యి ఎవరిది

ఎల్డెన్ రింగ్‌ను లెవెల్ 1తోనే పూర్తి చేసినవాళ్ళున్నారు. అక్కడ తప్పుకోవడం, దెబ్బ ఎప్పుడు వెయ్యాలో తెలియడం ఆటగాడి వేళ్ళలోని విద్య, పాత్ర అంకెలు దానికి తోడు మాత్రమే. పాచికల మీద నడిచే ఆటల్లో అలా కాదు, మీ చెయ్యి ఎంత చురుకైనదైనా 55 శాతం 55 శాతమే. మొదటి రకం వాళ్ళు రెండోదాన్ని అదృష్టం ఆట అంటారు, రెండో రకం వాళ్ళు మొదటిదాంట్లో యోధుడు లేడు, ఆటగాడే ఉన్నాడంటారు. నేను రెండోవైపు మొగ్గుతాను, కత్తి పట్టడం రాని నేను కత్తివీరుడి పాత్ర వెయ్యాలంటే ఆ విద్య పాత్ర దగ్గర ఉండాలి. అయితే ఎన్నిసార్లో చచ్చి చచ్చి చివరికి అందరికంటే పెద్ద శత్రువైన బాస్‌ను కూల్చినప్పుడు వచ్చే ఆనందం పాచికల్లో దొరకదన్నదీ నిజమే.

పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకోనివ్వాలా అన్నదాని మీద కూడా ఇలాగే రెండు పక్షాలు. బాల్డర్స్ గేట్ 3లో విథర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలిస్తే మొదటి లెవెల్ నుంచీ అన్నీ మార్చుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో రెన్నాలా అనే పాత్ర దగ్గర కుదురుతుంది, కాకపోతే ప్రతిసారీ లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఖర్చవుతుంది, అవి ఆటలో లెక్కగానే దొరుకుతాయి. స్కైరిమ్‌లో నూరుకు చేరిన స్కిల్‌ను 15కి దించుకుంటే దాని పెర్కులు తిరిగొస్తాయి, స్కిల్ మాత్రం మళ్ళీ మొదటినుంచీ పెంచుకోవాలి. మార్చుకోనివ్వకపోతే ఎంపికకు విలువ ఉంటుందనేవాళ్ళు ఒకవైపు, ఏ స్కిల్ దేన్ని పెంచుతుందో ఆటే సరిగ్గా చెప్పనప్పుడు యాభై గంటల కిందటి ఎంపికకు శిక్ష వెయ్యడం అన్యాయమనేవాళ్ళు ఇంకోవైపు. పాత ఆబ్లివియన్‌లో మామూలుగా ఆడితే పెట్టింది వెనక్కి తీసుకునే దారే లేదు, లెవెల్ 20 దగ్గర తేడా పసిగట్టినవాళ్ళలో చాలామంది కష్టం స్థాయిని చూపే స్లైడర్‌ను కిందికి జరిపి ఆడారు, ఓపికున్నవాళ్ళు కొత్త పాత్రతో మళ్ళీ మొదలుపెట్టారు.